జీనియా చేతికి ఫెన్యా ఎంచిన తుపాకీ

ఫెన్యా ఎవరికీ ముందుగా తుపాకీ చూపించేది కాదు. చెయ్యి చూపించమనేది.

కొట్టులోకి వచ్చినవాడు అద్దాల బల్ల మీద మోచేతులు ఆన్చి, "ఎలుగుబంటికి పనికొచ్చేది ఒకటి చూపించు" అనగానే, కళ్ళజోడు ముక్కు చివరికి జార్చుకుని, "ముందు ఆ చేతులు ఇలా పెట్టు" అనేది. అరచేతులు తిప్పి చూసేది. వాళ్ళ వేళ్ళను తన వేళ్ళతో కొలిచేది. మణికట్టు పట్టుకుని అటూ ఇటూ ఆడించేది. ఆ తర్వాత ప్రశ్నలు. ఏం పని చేస్తావు? పనిలో చేతులు తడిగా ఉంటాయా, పొడిగా ఉంటాయా? తొడుగులు వేసుకుంటావా, ఉన్నివా, రబ్బరువా? ఒంటి మీద ఎన్ని పొరల బట్ట ఉంటుంది?

"ఇదేం జాతకం చెప్పే కొట్టా, తుపాకుల కొట్టా?" అని కొత్తవాళ్ళు నవ్వేవాళ్ళు.

"నీ జాతకం నాకెందుకు నాయనా? ఎలుగు ఎదురొచ్చిన రోజున అదే చెప్తుంది" అనేది ఫెన్యా.

పూర్తి పేరు ఫెడోసియా. అలాస్కాని రష్యావాళ్ళు ఏలిన కాలం నాటి పేర్లు మా కోడియాక్ దీవిలో, అలూటిక్ అనే మా ఆదివాసీ జాతి ఇళ్ళల్లో ఇంకా మిగిలి ఉన్నాయి. సరానా రేవు పెద్ద ఊరేం కాదు. ఒక చర్చి, ఒక బడి, ఒక కొట్టు. బడిలో పుస్తకాల గది నా చేతిలో ఉండేది. కొట్టు ఫెన్యాది. ముందు గదిలో పిండి, కిరోసిన్, వల దారాలు, రబ్బరు బూట్లు. వెనక గదిలో తుపాకులు. వయసులో ఉన్నప్పుడు చేపల డబ్బాల ఫ్యాక్టరీలో యంత్రాలు బాగుచేసే ముఠాలో పనిచేసింది. ఆ ముఠాలో ఆడమనిషి ఆమె ఒక్కతే. ఏ యంత్రమైనా విప్పి, ఎందుకు ఆగిందో తెలుసుకునేదాకా అన్నం సహించని మనిషి. ఫ్యాక్టరీ మూతపడ్డాక ఆ బుద్ధినే తుపాకుల మీదికి తిప్పింది.

మా ఊళ్ళో తుపాకీ అంటే గొప్ప కోసం కాదు. ఇక్కడి గోధుమరంగు ఎలుగులు నిలబడితే గుమ్మం తలుపుకన్నా ఎత్తుంటాయి. బెర్రీలు కోసే చోట అవీ కోసుకుంటాయి, చేపలు పట్టే చోట అవీ పట్టుకుంటాయి. చాలావరకు మన దారి మనది, వాటి దారి వాటిది. ఎప్పుడో ఒకసారి రెండు దారులూ ఒకటవుతాయి. రెండు చేతులూ వలలో ఉన్న మనిషికి పెద్ద రైఫిలు పక్కనే ఉన్నా లేనట్టే. అందుకే ఒంటి మీద మోసే చిన్న తుపాకీ.

నా చిన్నతనంలో ఆ చిన్న తుపాకీ అంటే నలభై నాలుగు మాగ్నమ్ అనే బరువైన, గుండ్ల చక్రం తిరిగే రివాల్వరే. తండ్రి నుంచి కొడుక్కి వచ్చేది. దాన్ని కాదన్న మొదటి మనిషి ఫెన్యా. ఆమె చెప్పిన కారణం విన్నవాళ్ళకి కోపం తెప్పించింది.

"మీ ఇళ్ళకి టీకి వస్తాను కదా. ప్రతి ఇంట్లోనూ నలభై నాలుగు ఎక్కడుంటుందో నాకు తెలుసు. తలుపు పక్క మేకుకి. బరువని మొయ్యరు. పేలినప్పుడు వెనక్కి తన్నుతుందని పేల్చి చూడరు. ఎలుగేమో మేకు దగ్గరికి వచ్చి నిలబడదు."

దాని బదులు ఆమె అందరికీ చెప్పింది పది మిల్లీమీటర్ల పిస్టల్. పిస్టళ్ళలో బలమైన తూటా, నలభై నాలుగుతో పోలిస్తే తక్కువ తన్ను, ఎక్కువ గుండ్లు, రోజంతా రొమ్ము మీద కట్టుకుని తిరిగినా మెడ లాగదు. తూటాల దగ్గర మరీ పట్టుదల మనిషి. ఒకసారి పెద్ద ఊరి నుంచి వచ్చిన వేటగాడు మెరిసే పెట్టె ఒకటి చూపించి, ఇవే ఇమ్మన్నాడు. బోలు ముక్కు గుండ్లు, ఒంట్లో దూరగానే పువ్వులా విచ్చుకునే రకం.

"ఇవి మనుషులకి. ఎలుగు భుజానికి తగిలితే కొవ్వులోనే విచ్చుకుని ఆగిపోతాయి. దానికి కోపం తెప్పించడం తప్ప ఇంకేం చెయ్యవు" అని ఆ పెట్టె వెనక్కి లాగేసుకుని, బరువైన గట్టి సీసపు గుండ్ల పెట్టె ముందుకు తోసింది. బల్లపరుపు ముక్కు, విచ్చుకోదు, వంకరపోదు, ఎముకని దాటి లోపలికి పోతుంది.

"నా డబ్బు, నా ఇష్టం" అన్నాడతను.

"నీ డబ్బు నీ దగ్గరే ఉంచుకో, నా పెట్టె నా దగ్గర ఉంచుకుంటాను" అంది. అతను చివరికి సీసపువే కొన్నాడు. ఆమె నవ్వలేదు, గెలిచినట్టు ముఖం పెట్టలేదు. ఒర పట్టీలు అతని ఒంటికి తనే సర్ది పంపించింది.

అమ్మేశాక కూడా ఆమె వదిలేది కాదు. ఈస్టరు పండగ అయిపోయి, మంచు కరిగి, వలల కాలం ఇంకా మొదలవ్వని రోజుల్లో, ఊరి వెనక కంకర గొయ్యికి అందరినీ రమ్మనేది. పనిలో వేసుకునే బట్టలతోనే రావాలి. రెయిన్‌కోటు, బూట్లు, తొడుగులు అన్నీ. వచ్చినవాళ్ళు ముందు చేప జిగురు కలిపిన చల్లనీళ్ళ బకెట్లో చేతులు ముంచాలి. తర్వాతే తుపాకీ.

గొయ్యికి ఎదుటి గట్టు మీద ఒక పాత లారీ టైరు. దాని మధ్యలో అట్టముక్క దూర్చి, ఆ అట్టకి ఒక కాగితపు పళ్ళెం అంటించేది. గట్టు మీద బండరాయి చాటున కూర్చున్న మనిషి తాడు లాగితే, టైరు వాలు మీద ఎగురుతూ మన మీదికి దొర్లుకొస్తుంది. అది పాదాల దగ్గరికి వచ్చేలోగా ఒరలోంచి తుపాకీ తీసి పళ్ళేన్ని కొట్టాలి. ఆ టైరుని ఊరంతా 'తాతయ్య' అనేవాళ్ళు. ఎలుగుని అడవిలో పేరు పెట్టి పిలవకూడదని మా పెద్దలకి ఒక పట్టింపు, అందుకని ఆ పేరు. తాతయ్యని కొట్టలేనివాళ్ళు సిగ్గుపడేవాళ్ళు కారు. పక్క వారం మళ్ళీ వచ్చేవాళ్ళు. జీనియాకి మాత్రం ఆ వెసులుబాటు లేకపోయింది.

జీనియాదీ ఫెన్యాదీ చిన్నప్పటి నుంచీ స్నేహం. ఒకే బల్ల మీద చదువుకున్నారు, ఫెన్యా యంత్రాల ముఠాలోకి పోకముందు ఒకే వరసలో నిలబడి ఫ్యాక్టరీలో చేపలు కోశారు. జీనియా భర్త అఫోని ఈ సంగతి జరిగిన ఏడు చలికాలంలో గుండె ఆగి పోయాడు. వాళ్ళకి ఊరికి దూరంగా, పడవలో సగం రోజు ప్రయాణం ఉన్న అఖాతంలో, ఒడ్డున వల కట్టే చోటు ఉంది. చిన్న గుడిసె, చేపలు ఎండబెట్టే పొగ గుడిసె, ఎదురుగా నీళ్ళు. ముప్ఫై పైచిలుకు వేసవులు ఇద్దరూ అక్కడే గడిపారు. జీనియా ఊళ్ళో ఉన్నప్పుడు ఎవరి ఇంట్లోనో చుట్టంలా ఉండేది. అఖాతంలో ఉంటే తన ఇంట్లో ఉన్నట్టుండేది. ఆ తేడా చూసినవాళ్ళకి తెలుస్తుంది.

కిందటి శరత్తులో ఒక ముసలి ఎలుగు పొగ గుడిసె గోడ చీల్చుకుని లోపలికొచ్చింది. అఫోని రైఫిలు గాల్లోకి పేల్చి తరిమాడు. రుచి మరిగింది కాబట్టి మళ్ళీ వస్తుంది. ఇప్పుడు అఫోని లేడు.

మరిది ఇన్నొకెంటి, కెష్ అంటారు, అందుకే ఒప్పుకోలేదు. "నువ్వు ఒక్కదానివీ వెళ్తానంటే నేనెలా ఊరుకుంటాను వదినా? ఆ చోటు నాకివ్వు, నేను చూసుకుంటాను. పట్టిన చేపల్లో నీ వంతు ఇంటికి తెచ్చిస్తాను."

"చేపలు తెస్తావురా, ఆ గుమ్మం ముందు కూర్చోవడం ఎలా తెస్తావు?" అంది జీనియా.

కెష్ చెడ్డవాడు కాదు. అన్నని పూడ్చి మూడు నెలలు కాలేదు, వదినని కూడా పోగొట్టుకోవడం అతనికి ఇష్టంలేదు. ఇద్దరూ గట్టిగా వాదించుకుని చివరికి ఒక ఒప్పందానికి వచ్చారు. వలలు కట్టే రోజులు వచ్చేలోపు జీనియా తన చేతి తుపాకీతో తాతయ్యని కొట్టాలి. కొడితే వెళ్తుంది, కెష్ మారు మాట్లాడడు. కొట్టలేకపోతే చోటు అతనిది. ఆమె చెయ్యి చాచింది, అతను పట్టుకున్నాడు. మా ఊళ్ళో అంతకు మించిన పత్రం ఉండదు.

అఫోని నలభై నాలుగు ఇంట్లో ఉంది. జీనియా దాన్ని గొయ్యికి తీసుకెళ్ళి రెండుసార్లు పేల్చి, మూడోసారి పేల్చకముందే కళ్ళు మూసుకోవడం మొదలుపెట్టింది. దాన్ని మళ్ళీ మేకుకి తగిలించి ఫెన్యా కొట్టుకి వచ్చింది. ఆ రోజు కొట్టుకి ఉత్తరాలు తెచ్చే టపా విమానం ఇంకా రాలేదని నేనూ అక్కడే ఉన్నాను.

"నీకు వేరే ఆలోచన అక్కర్లేదు" అంది ఫెన్యా, ఆమె కూర్చునేలోపే. అద్దాల బల్ల కిందనుంచి ప్లాస్టిక్ పిడి ఉన్న కొత్త పిస్టల్ తీసింది. "పది మిల్లీమీటర్లు. తేలిక. నా తూటాల పెట్టె ఇదిగో. వెళ్ళి వలలు కుట్టుకో."

చెయ్యి చూపించమనలేదు. అప్పుడు అది ఎవరికీ తట్టలేదు. ఆ చెయ్యి తెలియకపోవడానికి ఏముంది? ఐదు దశాబ్దాలుగా చూస్తున్న చెయ్యి.

గొయ్యి దగ్గర ఆ రోజు వాన. జీనియా పసుపు రెయిన్‌కోటు వేసుకుని, తలకి టోపీ లాక్కుని, బకెట్లో చేతులు ముంచి నిలబడింది. టైరు కన్నా ముందు, కదలకుండా నిలబెట్టిన పళ్ళెం మీద సాధన. మొదటి గుండు పళ్ళేనికి తగిలింది. రెండోదానికి తుపాకీ ఆగిపోయింది. ఫెన్యా నేర్పినట్టే ఆమె చటుక్కున పై భాగాన్ని లాగి వదిలి మళ్ళీ పేల్చింది. మళ్ళీ ఆగింది. మళ్ళీ లాగింది. ప్రతి గుండుకీ ఇదే తంతు.

"ఆ ప్లాస్టిక్ బొమ్మ పిల్లలకిచ్చుకో ఫెన్యక్కా" అన్నాడు కెష్, వెనక నిలబడ్డవాళ్ళలోంచి. "రివాల్వరైతే ఇలా మధ్యలో అలుగుతుందా?"

గొయ్యిలో ఉన్న నలుగురూ నవ్వారు. ఫెన్యాకి అక్కడ పౌరుషం వచ్చిందనుకుంటాను. "తుపాకీలో ఏ లోపమూ లేదు. మణికట్టు వదిలేస్తోంది. నువ్వు గట్టిగా పట్టుకోవట్లేదు జీనియా, భయపడుతున్నావు" అంది.

జీనియా పిస్టల్లోంచి గుండ్లన్నీ తీసి, ఫెన్యా చేతిలో పెట్టి, ఊరి దారి పట్టింది. వానలో ఆ పసుపు కోటు మలుపు తిరిగేదాకా కనబడుతూనే ఉంది.

తర్వాతి రోజుల్లో ఫెన్యా ఎంత తంటాలు పడిందో చూసినవాళ్ళకే తెలుసు. కొట్టు తలుపుకి తాళం వేసి గొయ్యికి పోయేది. అదే పిస్టల్, అవే తూటాలు. ఒక్కసారి కూడా ఆగలేదు. చేతులు జిగురులో ముంచి పేల్చింది. ఎడమచేత్తో పేల్చింది. మణికట్టు కావాలనే వదిలి పేల్చింది. మందు తక్కువున్న తూటాలు వేసింది, మరీ ఎక్కువున్నవి వేసింది. పిస్టల్ అన్నిటినీ మింగింది. దారిలో కనబడితే పలకరించాను.

"ఏమంటుంది నీ పిస్టల్?"

"ఏమీ అనట్లేదు. అదే బాధ" అంది. "జీనియా భయపడుతోందన్నాను కదా. చిన్న పడవలో తుఫాను దాటుకుని వచ్చిన మనిషి. అఫోని కాలు విరిగితే ఇంజను నడుపుకుంటూ ఇంటికి తెచ్చిన మనిషి. భయపడుతోందని ఏ నోటితో అన్నాను?"

ఆ ఆదివారం చర్చి అయ్యాక జీనియా ఇంట్లో చేపల పిరోక్ చేసింది. సాల్మనూ అన్నమూ క్యాబేజీ కూరిన పెద్ద రొట్టె. నన్ను పిలిచింది, ఫెన్యాని పిలవలేదు. పిలవకుండానే ఫెన్యా వచ్చింది. బూట్లు విప్పి, వంటింటి బల్ల దగ్గర కూర్చుని, పిస్టల్లో గుండ్లు లేవని మాకు చూపించి దాన్ని బల్ల మీద పెట్టింది.

"ఒక్కసారి పట్టుకో. గొయ్యిలో పట్టుకున్నట్టే."

"ఇంటికొచ్చి మరీ తిడతావా?"

"తిట్టను. పట్టుకో జీనియా."

జీనియా చేతులు తుడుచుకుని, కిటికీ బయట ఖాళీ గట్టు వైపుకి గురిపెట్టి పట్టుకుంది. ఫెన్యా లేచి, పక్కకి వచ్చి, కళ్ళజోడు జార్చి, వంగి చూసింది. చాలాసేపు చూసింది. జీనియా ఎడమ బొటనవేలు వంగదు. ఎప్పుడో పెళ్ళైన కొత్తలో వల తాడుకీ పడవ అంచుకీ మధ్య నలిగి, కీలు బిగుసుకుపోయింది. ఊళ్ళో అందరికీ తెలిసిందే. తెలిసిందే కనుక ఎవరూ చూడరు. ఆ వేలు పిస్టల్ పక్కన కర్రలా నిలబడి, పై భాగాన్ని వెనక్కే పట్టి ఉంచే చిన్న మీట కిందికి సరిగ్గా చేరుకుని ఉంది. తుపాకీ తన్నిన ప్రతిసారీ ఆ వేలు మీటని పైకి లేపుతోంది. మీట లేస్తే పిస్టల్ గుండ్లు అయిపోయాయనుకుని తెరుచుకుని నిలబడిపోతుంది. జీనియా ఏమో ఫెన్యా నేర్పినట్టే వెంటనే లాగేస్తోంది కనుక, అది ఎలా ఆగిందో వెనక నిలబడ్డ ఎవరికీ కనబడలేదు.

ఫెన్యా కుర్చీలో కూర్చుండిపోయింది. "నీ వేలు" అంది.

జీనియా తన చేతిని తను చూసుకుంది. "దీన్ని వంచమంటే ఎలా వంచను? వేరేలా పట్టుకోనా?"

"పట్టుకోవచ్చు. నాలుగు రోజులు నేర్పితే ఇక్కడ పట్టుకుంటావు. ఎలుగు వచ్చిన నిమిషాన చెయ్యి ముప్ఫై ఏళ్ళ అలవాటుకే పోతుంది. చేతిని తుపాకీకి సరిపెట్టకూడదు. ఈ మాట నేనే ఊరందరికీ చెప్తాను." పిస్టల్ సంచీలో పెట్టేసుకుంది. "పిరోక్ ఒక ముక్క పెట్టు. పిలవకపోయినా వచ్చాను కదా."

"పెట్టకపోతే మాత్రం పోతావా ఏంటి?" అంది జీనియా, పెద్ద ముక్కే కోస్తూ.

నాకు ఫెన్యా మీద గౌరవం ఎప్పుడూ ఉంది. అది ఇంకొక మెట్టెక్కింది మాత్రం టపా విమానం వచ్చిన రోజున. విమానం వచ్చిందంటే ఊరు ఊరంతా కొట్టులోనే ఉంటుంది. ఉత్తరాలు పంచడం మధ్యలో ఆపి, కెష్ కూడా ఉన్నాడని చూసుకుని, ఫెన్యా గొంతు పెంచింది.

"గొయ్యి దగ్గర జీనియాని భయపడుతోందన్నాను. మీరు విన్నారు. అది తప్పు. ఆమె మణికట్టు మీ అందరి మణికట్లకన్నా గట్టిది. నేను ఆమె చెయ్యి చూడకుండా తుపాకీ ఇచ్చాను. లోపం నాది."

కెష్ గొంతు సవరించుకున్నాడు. "అయితే ఇప్పుడేమిస్తావు?"

"రివాల్వర్."

"ఏంటీ?" కెష్ చెవి ముందుకు పెట్టాడు. "అక్కా, ఇంకొక్కసారి. వెనకున్నవాళ్ళకి వినబడలేదట."

"రివాల్వర్ అన్నానురా. నువ్వన్నదే. పండగ చేసుకో."

"చేసుకోనా మరి! ఇన్నేళ్ళు మా నాన్న తుపాకీని తిట్టావు!"

"ఇప్పుడూ తిడతాను. నీ నలభై నాలుగు కాదిది. ఒళ్ళు రివాల్వర్‌ది, తూటా నాది" అని వెనక గదిలోకి వెళ్ళి, మూల షెల్ఫులోంచి ఒక ఉక్కు రివాల్వర్ తెచ్చింది. ఎవరో వేట గైడు పాత బాకీకి బదులు వదిలి వెళ్ళిన తుపాకీ అది. పది మిల్లీమీటర్ల పిస్టల్ తూటాలనే తినే రివాల్వర్. అటూ ఇటూ కానిదని ఊరంతా వెక్కిరించి, ఎవరూ కొనక, ఏళ్ళ తరబడి నూనె పూసుకుని కూర్చుంది.

దాని సంగతి ఏమిటంటే, పిస్టల్ తూటాలకి అడుగున అంచు ఉండదు కనుక, గుండ్ల చక్రంలో నిలవడానికి పల్చటి ఉక్కు రేకు ఒకటి కావాలి. పూరేకుల్లా గాట్లున్న ఆ రేకుకి ఆరు తూటాలూ ఇంట్లోనే తగిలించి పెట్టుకోవచ్చు. నింపాలంటే ఆరూ ఒకేసారి అరచేత్తో లోపలికి నెట్టడమే. వంగని బొటనవేలుకి ఒక్కొక్క తూటా దూర్చే బాధ లేదు. మీట లేదు. వెనక్కి పరిగెత్తే పై భాగం లేదు. ఉక్కు ఒళ్ళు బరువు కనుక తన్ను సగం దానిలోనే అణిగిపోతుంది. మొయ్యడం సంగతి? రొమ్ము పట్టీలు భుజాల మీద పంచుకుంటాయి.

జీనియా దాన్ని అందుకుంది. ఈసారి ఫెన్యా ఆమె చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకుని, కొత్త మనిషి చేతులు చూసినట్టు, ఒక్కొక్క వేలే చూసింది. ఎవరూ నవ్వలేదు.

అంతటితో అయిపోలేదు. గొయ్యి దగ్గర మళ్ళీ తూటాల గొడవ మొదలైంది. ఫెన్యా ఎప్పుడూ అందరికీ ఇచ్చే పెట్టె, ఆమె పేరుతోనే ఊళ్ళో చెలామణి అయ్యే పెట్టె, ముందుగా అదే నింపింది. ఐదు పేల్చి ఆపమంది. చక్రం తెరిచి ఆరో తూటాని బయటికి తీసి, పెట్టెలోంచి తీసిన కొత్తదాని పక్కన పెట్టింది. పొడవు పెరిగింది. రివాల్వర్ తన్నిన కుదుపుకి ఇత్తడి గొట్టంలోంచి సీసపు గుండు ముందుకు జారుతోంది. ఇంకాస్త జారితే గుండు ముక్కు బయటికి పొడుచుకొచ్చి చక్రం తిరగకుండా పట్టేస్తుంది. పిస్టల్లో ఇన్నేళ్ళూ ఏ తంటా పెట్టని తూటా, ఇక్కడ ప్రాణం మీదికి తెచ్చేలా ఉంది.

"నీ పెట్టే అక్కా!" అన్నాడు కెష్. ఈసారి వెక్కిరింపు కాదు, నిజంగానే ఆశ్చర్యపోయాడు.

"నాదే" అని ఫెన్యా ఆ పెట్టె మూత మూసి పక్కన పెట్టేసింది. ఎన్నో ఏళ్ళు తను మెచ్చుకున్న వస్తువుని అలా పక్కన పెట్టడం నేను చూస్తూ నిలబడ్డాను. పుస్తకాలు చదివినదాన్ని, ఒకసారి నమ్మిన మాటని వదులుకోవడం ఎంత కష్టమో నాకు తెలుసు.

తర్వాతిది అన్నిటికన్నా బరువైన గుండు. జీనియా చెయ్యి గాల్లోకి లేచింది, రెండో గుండుకి గురి దొరకడానికి ఆలస్యమైంది. అదీ పక్కకి. ఆ తర్వాతిది అంతకన్నా కొంచెం తేలిక, గొట్టం మూతి గుండు చుట్టూ లోతుగా నొక్కి కరిచి పట్టుకున్న రకం. ఐదు పేల్చి ఆరోది తీసి చూశారు. కదల్లేదు. మళ్ళీ అలాగే చేసి చూశారు. కదల్లేదు. ఫెన్యా నానిన కట్టెపేడు ఒకటి నిలబెట్టి దాని మీద పేల్పించింది. గుండు అడ్డంగా చీల్చుకుని అవతలకి పోయింది.

"చాలు. ఎలుగు ఎముక ఇంతకన్నా గట్టిగా ఉండదు."

"నాకేది కావాలో నేను చెప్పనా?" అంది జీనియా. "ఇదే కావాలి. చివరి గుండు మొదటిదానిలాగే పలుకుతుందని తెలిస్తే నాకు నిద్ర పడుతుంది."

ఒప్పందపు రోజున ఎండ కాసింది. మా ఊళ్ళో అది చిన్న సంగతి కాదు. గొయ్యి చుట్టూ సగం ఊరు చేరింది. జీనియా పసుపు కోటు, నడుము దాకా బూట్లు, జిగురు చేతులు. రొమ్ము మీద ఒర. తాడు దగ్గర కెష్ కూర్చున్నాడు. అతనే కూర్చుంటానన్నాడు. మొహమాటం చూపించి మెల్లగా వదలకుండా, ఉన్నంత జోరుగా వదలాలని జీనియానే అడిగింది.

ఫెన్యా ఆమె వెనకాల నిలబడి ఒక్క మాటే అంది. "బొటనవేలు సంగతి మర్చిపో. దానికి ఇక్కడ పని లేదు."

తాడు కదిలింది. టైరు గట్టు అంచు మీద ఒక్క క్షణం ఆగినట్టై, కిందికి దూకింది. రాయి తగిలి పక్కకి ఎగిరింది. అలా ఎగురుతుందని ఎవరూ అనుకోలేదు. జనంలో ఒకరిద్దరు కేక పెట్టారు. జీనియా పాదాలు కదల్లేదు. తుపాకీ ఒరలోంచి ఎప్పుడొచ్చిందో నేను చూడలేదు. మొదటి గుండు మట్టి లేపింది. తగల్లేదు. రెండోది, మూడోది, నాలుగోది వెంట వెంట పలికాయి. ఎక్కడా ఆగలేదు. టైరు ఆమె బూట్లకి కాస్త దూరంలో గిర్రున తిరిగి పడిపోయింది.

కెష్ గట్టు దిగి పరిగెత్తుకొచ్చాడు. టైరుని తిరగేసి చూశాడు. అట్ట మీద పళ్ళెంలో మూడు చిల్లులు. ఒకటి అంచున, రెండు మధ్యలో.

అతను ఒక్కొక్క చిల్లులోనూ వేలు పెట్టి చూశాడు. అందరూ అతని నోటికేసి చూస్తున్నారు. జీనియా గుండ్లు తీసేసి, ఖాళీ చక్రం ఫెన్యాకి చూపించి, రివాల్వర్ ఒరలో పెట్టుకుంది. ఫెన్యా ఆమె మోచెయ్యి పట్టుకుంది.

"వదినా" అన్నాడు కెష్, తలెత్తకుండానే. "వల లాగడానికి రెండో మనిషి కావాలి కదా?"

"కావాలి. కానీ నా మాట వినేవాడు కావాలి."

"వింటాను."

"పొద్దున్నే లేచి పొయ్యి వెలిగించేవాడు కావాలి."

"వెలిగిస్తాను. మరి ఆ ముసలి ఎలుగు వస్తే?"

"నా వెనక నిలబడు" అంది జీనియా.

ఫెన్యా నవ్విన నవ్వుకి గొయ్యి మారుమోగింది. ఆ నవ్వులోనే టైరు మీద చతికిలబడి, కళ్ళజోడు తీసి, కోటు అంచుతో తుడుచుకోవడం మొదలుపెట్టింది. అద్దాలు తడిగా ఉన్నాయంది.